అది అట్టేలేమ్మా

పెళ్లిచూపులకు మోటారుసైకిలు మీద వస్తున్నాడంటే జ్ఞానాంబ కాస్త ఆశపడింది. ఆ ఆశ బండి ఆగీ ఆగకముందే చల్లారింది. దిగిన శాల్తీకి మంకీ క్యాపులోంచి ముక్కు ఒక్కటే బయటికి కనిపిస్తోంది. కాళ్లకు తొడగాల్సిన మేజోళ్లు చేతులకు తొడిగాడు. అన్నిటికన్నా ముందు గేటులోకి వచ్చింది అతని కడుపు.

ఎనభై రెండో సంవత్సరం మార్గశిరం అది. చిత్తూరులో కొబ్బరినూనె సీసాలు ఎండలో పెడితే తప్ప కారని చలి. పెళ్లికొడుకు ధనంజయ బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. తెల్లవారి మంచులో బయల్దేరి, దారి కనపడక ఆలస్యమై, రాహుకాలం ముంచుకొస్తుంటే ఆదరాబాదరాగా ఇంట్లో అడుగుపెట్టాడు. అతన్ని పెంచిన పిన్నమ్మ నాగులమ్మది నాయుడుపేట. ఆమె ముందురోజే బస్సులో వచ్చి చుట్టాలింట్లో దిగింది, ఇక్కడ అందరికన్నా ముందే కుర్చీలో కూర్చుంది.

టోపీ తీశాక మొహం బాగానే ఉంది. బాగానే ఏమిటి, చాలా బాగుంది. జ్ఞానాంబకు అదే ఇంకా ఒళ్లు మండింది. అంత మంచి మొహాన్ని తీసుకెళ్లి గుమ్మడికాయ మీద పెట్టిన దేవుడికి బుద్ధి లేదనుకుంది.

పైగా పొగరు. ఆమె నాయన గురప్ప ఎదురొచ్చి నమస్కారం పెడితే తల మాత్రం ఆడించాడు, నడుం వంచలేదు. కుర్చీలో గుంజ పాతినట్టు కూర్చున్నాడు. బల్ల మీద పెట్టిన కాఫీ గ్లాసు అందుకోవడానికి కూడా వంగకపోతే ఆమే తీసి చేతికివ్వాల్సి వచ్చింది. మహారాజా వారి సేవ అని మనసులో తిట్టుకుని, పైకి చక్కెర సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందని నవ్వాడు. ఆ నవ్వు కూడా బాగుండి చచ్చింది.

ఇంతకుముందు ఒకణ్ణి కాఫీ జుర్రాడని, ఇంకొకణ్ణి అడిగిన ప్రతిదానికీ వాళ్లమ్మ వైపు చూశాడని వద్దంది. ఈసారి గురప్ప కచ్చితంగా చెప్పాడు. వాళ్లు ఇక్కడ ఉండగానే అవునో కాదో తేల్చాలి, ఆ తర్వాత మాట మార్చేది లేదు.

అందుకే ఆమె నాగులమ్మను పెరట్లోకి తీసుకెళ్లి అడిగేసింది.

"ఈ వయసుకే ఆయనకు అంత కడుపేందమ్మా?"

"అది అట్టేలేమ్మా. చలికాలం గదా," అంది నాగులమ్మ నింపాదిగా.

నాయుడుపేట వాళ్లు చిత్తూరు వాళ్లలాగా అట్ల, ఇట్ల అనరు. అట్ట, ఇట్ట అంటారు. ఆ యాస వింటే జ్ఞానాంబకు చిన్నప్పటి నుంచీ నవ్వే. ఇప్పుడు కూడా తన తెలివంతా ఉపయోగించి ఆ మాటను చిత్తూరు తెలుగులోకి తిప్పుకుంది. అది అట్లేలేమ్మా. అంటే చలికాలం వస్తే వీళ్ల వంశానికి కడుపులు అట్లే ఉబ్బుతాయన్నమాట. వేసవికి తగ్గుతుందేమోనని కాచుకుని కూర్చునే ఓపిక తనకు లేదనుకుంది.

వద్దని నాయనతో చెప్పేసింది. గురప్ప మొహం వాడింది. ఆ మాటనే మర్యాదగా ధనంజయకు చేరవేశాడు. అతను జ్ఞానాంబ నిలబడ్డ కిటికీ వైపు ఒకసారి చూసి, మంచిదని లేచి బయటికి నడిచాడు.

అప్పటికి ఎండ బాగా కాసింది. బండి దగ్గర అతను చొక్కా గుండీలు విప్పి, పురికొస ముడి లాగి, గుజ్జు డబ్బాలొచ్చే పెట్టెల అట్టను మడతలు మడతలుగా బయటికి తీశాడు. కడుపు మొత్తం దాంతోపాటే వచ్చేసింది. బండి మీద చలిగాలి రొమ్ముకు తగలకుండా అట్ట కట్టుకోమన్నది తానేనని, వేళ్లు కొయ్యబారి లోపలికి వచ్చేముందు ముడి విప్పుకోలేకపోయాడని నాగులమ్మ గురప్పకు చెబుతోంది.

అట్టే. ఉత్త అట్ట. ఆమె చెప్పింది నిక్షేపంలాంటి తెలుగు.

జ్ఞానాంబకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నాయన చూస్తున్నా లెక్కచెయ్యకుండా గేటు దాకా వెళ్లింది.

"నేను నిజంగా కడుపే అనుకున్నా," అంది.

ధనంజయ నవ్వలేదు. "ఉంటే వద్దు, లేకుంటే కావాలనా? నలభై ఏళ్లకు నిజంగానే వస్తాది. అప్పుడేం జేస్తారు?"

జ్ఞానాంబ ఉన్నమాట చెప్పేసింది.

"కడుపు ఉండాదనుకున్నప్పుడే మీ మొగం నచ్చినాది. ఆ కోపంతోనే వద్దన్నా."

గురప్ప మెట్ల మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నువ్వు మాట మారిస్తే సరిపోతాదా? వద్దనిపించుకున్నోడు ఆయప్ప. ఆయప్పనడుగు," అన్నాడు.

ఇన్నాళ్లూ జవాబు చెప్పడమే గానీ, జవాబు కోసం ఎదురుచూడడం ఆమెకు తెలియదు. మొదటిసారి భయమేసింది. తలెత్తి అతన్ని చూడలేకపోయింది.

"మాకు ఆకలేస్తాంది మామా," అన్నాడు ధనంజయ.

కుదరని సంబంధమింట్లో మగపెళ్లివారు భోజనం చెయ్యరు. నాగులమ్మ ఎవరూ పిలవకుండానే లోపలికి నడిచి, బియ్యం ఎక్కడున్నాయని అడిగింది.