తేనెపెట్టెల ట్రాలీ

"కాలు ఎత్తావా?" అని ట్రాక్టరు సీటు మీది నుంచి అడిగింది పెద్దమ్మ.

"ఎత్తాను," అంది మబ్బు.

కొత్తవాళ్లెవరైనా వింటే మబ్బు కొంగలా ఒంటికాలి మీద నిలబడి ఉందనుకుంటారు. పెద్దమ్మ అడిగింది ట్రాలీ కాలు గురించి. ట్రాక్టరుకి తగిలించనప్పుడు ట్రాలీ ముక్కు నేలకి కొట్టుకోకుండా ముందువైపు ఒక ఇనుప కాలు ఉంటుంది. దాన్ని పైకి ఎత్తకుండా బండి కదిలిస్తే నేలంతా దున్నుకుంటూ పోతుంది. పోయిన సెలవుల్లో ఒకసారి అలాగే దున్నారు కూడా. ఆ గాడి ఇప్పటికీ షెడ్డు ముందు ఉంది.

మబ్బుకి స్కూలు రిజిస్టర్లో వేరే పేరుంది. కానీ ఊయలలో ఉన్నప్పటి నుంచీ ఆకాశం వైపే చూస్తుండేదని వాళ్లమ్మ మబ్బు అని పిలిచింది, అదే ఖాయమైపోయింది. పదేళ్లొచ్చినా ఆ చూపు మారలేదు. అన్నం తింటూ తింటూ ఆగిపోతుంది. మెట్లు దిగుతూ దిగుతూ ఆగిపోతుంది. ఎక్కడున్నావని అడిగితే కాసేపటికి ఇక్కడే అంటుంది. సెలవులకి పెద్దమ్మ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆమెకి ఒక ఉద్యోగం ఉంటుంది. అది ట్రాలీల ఉద్యోగం.

పెద్దమ్మ తేనెటీగల్ని పెంచుతుంది. ఇంటి వెనక చెట్లున్న పెద్ద స్థలం ఉంది. అందులో నాలుగు ట్రాలీలున్నాయి. ఒకటి కట్టెలది, ఒకటి నీళ్ల ట్యాంకుది, ఒకటి తేనెపెట్టెలది, ఒకటి ఉత్త ఖాళీది. వాటిని అటూ ఇటూ లాగడానికి ఒక చిన్న ట్రాక్టరు ఉంది. దాని పేరు బుడ్డోడు. ముందు భాగం పెద్దమ్మ నడుము దాకా కూడా రాదు. కానీ పిట్ట కొంచెం కూత ఘనం. స్టార్ట్ అయ్యాడంటే వంటింట్లో గిన్నెలు కూడా మాట్లాడతాయి. పెద్ద ట్రాక్టర్లు ఇరుక్కుపోయే చెట్ల సందుల్లో బుడ్డోడు సులువుగా దూరిపోతాడు.

ట్రాలీని ట్రాక్టరుకి తగిలించే పిన్ను పడిందా, పిన్నుకి క్లిప్పు పెట్టారా, చక్రాల కింద అడ్డుచెక్కలు తీశారా అని చూడటం మబ్బు పని. ట్రాలీ వెనక్కి పోతుంటే పక్కన దూరంగా నిలబడి చేత్తో దారి చూపించడం కూడా ఆమె పనే. అది తేలిక కాదు. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రాలీ తోక ఎడమకి పోతుంది. "అచ్చం మీ పెదనాన్నే," అంటుంది పెద్దమ్మ. "ఇటు రమ్మంటే అటు పోతుంది."

తేనెపెట్టెల ట్రాలీ కదిలించాలంటే ఇంకో పని ఉంది. దాని మీద పన్నెండు పెట్టెలుంటాయి. ప్రతి పెట్టెకీ కింద సన్నటి గుమ్మం ఉంటుంది. పొద్దు వాలాక, పూలకోసం వెళ్లిన ఈగలన్నీ తిరిగి వచ్చాక, ఆ గుమ్మానికి ఒక చెక్క పట్టీ అడ్డుపెట్టాలి. అప్పుడు పెద్దమ్మ సీటు మీది నుంచి ఎప్పుడూ ఒకే ప్రశ్న అడుగుతుంది.

"అందరూ వచ్చేశారా?"

ఈగల్ని ఆమె మనుషుల్లాగే అంటుంది. గుమ్మాలు మూసినవాళ్లే జవాబు చెప్పాలి. ఆ జవాబు వినకుండా బండి అంగుళం కూడా కదలదు.

మర్నాడు తెల్లారేసరికి లారీ వస్తుంది. దూరాన ఎక్కడో తోటలు పూతకొచ్చాయట, పెట్టెలన్నీ అక్కడికి వెళ్లాలి. అందుకని ఆ సాయంత్రం తేనెపెట్టెల ట్రాలీని చెట్ల కింది నుంచి గేటు దగ్గరికి చేర్చాలి.

ఆ సాయంత్రమే మబ్బుకి ఇంకో ప్రయాణం కూడా ఉంది. ఖాళీ ట్రాలీ మబ్బుకీ, పక్కింటి బుల్లెట్‌కీ ఓడ. గడగడా మాట్లాడుతుంది కాబట్టి ఆ పిల్లని అందరూ బుల్లెట్ అంటారు. ఓడకి కెప్టెన్ మబ్బు. బయలుదేరేముందు కెప్టెన్ మూడుసార్లు, "అందరూ ఎక్కారా?" అని అరవాలి. అది రూలు. ఒకసారి బుల్లెట్ చెప్పు కింద పడిపోతే ఆ ఒక్క చెప్పు కోసం ఓడ సముద్రం మధ్య నుంచి వెనక్కి వచ్చింది.

ఆ రోజు ఎక్కడినుంచో నల్లటి మేఘాలు వచ్చి ఎండని తొందరగా ఆర్పేశాయి. బుల్లెట్ గోడ అవతల నుంచి ఈల వేసింది. చీకటి పడేలోపు బుల్లెట్ ఇంటికి వెళ్లిపోవాలి, అది వాళ్లమ్మ పెట్టిన రూలు. మబ్బు మనసంతా ఓడ మీదికి వెళ్లిపోయింది.

పెద్దమ్మ టైరుకి గాలి కొడుతూ, అందరూ వచ్చాక గుమ్మాలు మూసెయ్యమంది. మబ్బు వలటోపీ, గ్లౌజులు వేసుకుని వెళ్లింది. ఈగలు ఇంకా వస్తున్నాయి. రెండు దిగుతున్నాయి, మూడు వస్తున్నాయి, మళ్లీ రెండు. గోడ అవతల మళ్లీ ఈల వినిపించింది.

గేటు ఎంత దూరమని, అనుకుంది మబ్బు. రెండొందల అడుగులు ఉంటుంది. ఈగలకి కళ్లున్నాయి కదా, ట్రాలీ ఎటు పోయిందో చూసుకుని వెనకాలే వస్తాయిలే అనుకుంది. పన్నెండు పట్టీలూ పెట్టేసింది. పిన్ను చూసింది, కాలు ఎత్తింది, అడ్డుచెక్కలు తీసి అక్కడే పడేసింది.

పెద్దమ్మ సీటెక్కింది. "అందరూ వచ్చేశారా?"

"వచ్చేశారు," అంది మబ్బు.

పెద్దమ్మ ఆకాశం వైపు ఒకసారి చూసిందే కానీ వెనక్కి తిరిగి చూడలేదు. మబ్బు మాట మీద ఆమెకి అంత నమ్మకం. బుడ్డోడు గుర్రుమంటూ తేనెపెట్టెల్ని లాక్కుపోయాడు. ఆ ట్రాలీని గేటు దగ్గర వదిలేసి వచ్చి, ఖాళీ ట్రాలీని చెట్ల పక్కకి తెచ్చి పెట్టాడు.

ఓడ సిద్ధమైంది, బుల్లెట్ వచ్చి ఎక్కింది. చెట్ల ఆకులు గాలికి అలల్లా కదులుతున్నాయి. మబ్బు వెల్లకిలా పడుకుంది. పైన మేఘాలు నడుస్తుంటే కింద ట్రాలీ నడుస్తున్నట్టే ఉంది. ఏదో దీవి కనబడుతోంది. దాని మీద ఇళ్లు కనబడుతున్నాయి, ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయి.

"కెప్టెన్, అక్కడ పొగేంటి?" అంది బుల్లెట్.

మబ్బు లేచి చూసింది. తేనెపెట్టెల ట్రాలీ ఇందాకటిదాకా ఉన్నచోట, చక్రాల గుంటల మీద, గాలిలో పల్చటి పొగలాంటిది తిరుగుతోంది. అది పొగ కాదు. ఈగలు.

అవి ఎటుపడితే అటు ఎగరడం లేదు. సరిగ్గా పెట్టెల గుమ్మాలుండే ఎత్తులో వరసగా ఆగుతున్నాయి. అక్కడ గుమ్మం లేదు. వెనక్కి వెళ్లి మళ్లీ అక్కడికే వస్తున్నాయి. ఆ ఇల్లు వాటికి ఇంకా అక్కడే ఉంది. అలిసిపోయినవి కింద పడి ఉన్న అడ్డుచెక్కల మీద గుత్తులుగా వాలాయి. ఒక్కటి కూడా గేటు వైపు పోలేదు. అవి పెట్టెని కాదు, చోటుని గుర్తుపెట్టుకుంటాయని మబ్బుకి అప్పుడు అర్థమైంది.

పెట్టెల్లో వేలకి వేలు ఉంటాయి కదా, ఈ కాసిని పోతే ఎవరు లెక్కపెడతారని బుల్లెట్ అంది. నిజమే, ఎవరికీ తెలియదు. పొద్దున్నే లారీ వెళ్లిపోతుంది. మబ్బు తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయింది. అంతలో ఒక వానచుక్క చేతి మీద పడింది. తడిసి రాత్రంతా బయట ఉండిపోయిన ఈగ తెల్లారేసరికి బతకదని పెద్దమ్మ ఒకసారి చెప్పింది.

"ఓడ కదలదు," అంది మబ్బు.

"ఎందుకు?"

"అందరూ ఎక్కలేదు."

మబ్బు ట్రాలీ మీది నుంచి దూకి ఇంటివైపు పరుగెత్తింది. పెద్దమ్మ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది.

"పెద్దమ్మా, నేను అబద్ధం చెప్పాను. అందరూ రాలేదు."

పెద్దమ్మ కుళాయి కట్టేసింది. మబ్బు మొహం వంక చూసింది. తిడితే బాగుండునని మబ్బుకి అనిపించింది. పెద్దమ్మ తిట్టలేదు. బుడ్డోడి తాళం తెమ్మంది, అంతే.

ముందుకి పోవడం వేరు, గేటు దగ్గరున్న తేనెపెట్టెల ట్రాలీని వెనక్కి నడిపి మళ్లీ అదే చోటికి తేవడం వేరు. బుల్లెట్‌ని దూరంగా ఓడ మీదే ఉండమన్నారు. మబ్బు వలటోపీ పెట్టుకుని చక్రాల గుంటలకి పక్కగా నిలబడింది. మొదటిసారి ట్రాలీ తోక చెట్టు మీదికి పోయింది. రెండోసారి మూరెడు పక్కకి జరిగింది. మూడోసారి సరిగ్గా వస్తుంటే మబ్బే చెయ్యెత్తి ఆపేసింది. అడ్డుచెక్కలు దారిలోనే ఉన్నాయి, వాటినిండా ఈగలున్నాయి.

పెద్దమ్మ ఇంజను ఆపింది. మబ్బు నిండు పాలగ్లాసు పట్టుకున్నట్టు ఒక్కో చెక్కనీ రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టింది. ఆ పని అయ్యేదాకా ఆమె చూపు ఒక్కసారి కూడా ఆకాశం వైపు పోలేదు.

"ఇంకెంత?" అంది పెద్దమ్మ మళ్లీ బండి తీసి.

"జానెడు. బెత్తెడు. చాలు."

చక్రాలు పాత గుంటల్లో కూర్చున్నాయి. మబ్బు పన్నెండు పట్టీలూ తీసేసింది. లోపలి నుంచి కొన్ని ఈగలు గుమ్మంలోకి వచ్చి, తోకలు పైకెత్తి గబగబా రెక్కలాడించడం మొదలుపెట్టాయి. బయటున్నవాళ్లని పిలుస్తున్నారని పెద్దమ్మ చెప్పింది. ఇల్లు ఇక్కడుందని వాసన పంపిస్తారట. గాలిలో తిరుగుతున్న పొగ మెల్లగా పన్నెండు పాయలైంది. ఒక్కో పాయా ఒక్కో గుమ్మంలోకి దూరింది. చెక్కల మీది గుత్తులు కూడా విడివడి ఒక్కొక్కటిగా గుమ్మాల వైపు లేచాయి.

సన్నగా జల్లు పడింది. బుల్లెట్‌ని వాళ్లమ్మ పిలిస్తే వెళ్లిపోయింది. ఓడ ఆ రోజు ఎక్కడికీ పోలేదు. ఆ సంగతి మబ్బుకి గుర్తే లేదు. అడ్డుచెక్క కింద తడిసి కదలలేక పడి ఉన్న ఒక ఈగని ఆకు మీదికి ఎక్కించి, గుమ్మం ముందు దించింది. అది అక్కడే కాసేపు కూర్చుంది. తర్వాత చిన్నగా లోపలికి నడిచింది.

జల్లు ఆగింది. మేఘాల కింది నుంచి కొంచెం వెలుగు వచ్చింది. మబ్బు ప్రతి గుమ్మం ముందూ ఆగి, ట్రాలీ కింద వంగి చూసి, చక్రాల వెనక చూసి, ఒక్కో పట్టీ పెట్టుకుంటూ వచ్చింది. పదకొండు పెట్టింది. పన్నెండోది చేతిలో ఉండగా బుడ్డోడు గుర్రుమన్నాడు.

"అందరూ వచ్చేశారా?" అని ఎప్పటిలాగే అడిగింది పెద్దమ్మ. మబ్బు మాట మీద ఇంకా నమ్మకం ఉందన్నట్టే అడిగింది.

మబ్బు గోడ మీదుగా, చెట్ల మీదుగా చూసింది. ఎక్కడో దూరంలో ఒక చుక్క కనబడింది. అది మెల్లగా, బరువుగా వస్తోంది. దగ్గరయ్యేకొద్దీ దాని కాళ్లకి పసుపుపచ్చటి పుప్పొడి మూటలు కనబడ్డాయి.

"ఇంకొకరు వస్తున్నారు పెద్దమ్మా," అంది మబ్బు. "ఆగుదాం."

పెద్దమ్మ ఇంజను ఆపేసింది.