కండక్టర్ అమ్మమ్మ బుధవారం

పేజీలో పన్నెండు వాక్యాలున్నాయి. వాటిలో ఎన్ని తప్పులు చదవాలో పిట్ట ముందే లెక్క వేసుకుంది. ఐదు చాలు. ఐదు దాటితే అమ్మమ్మ కంగారు పడుతుంది. మూడుకు తగ్గితే సంబరపడుతుంది. సంబరపడితే ఇంకా ప్రమాదం.

"ఊఁ, కానివ్వు. ఎక్కిన బస్సు మధ్యలో దిగకూడదు," అంది కండక్టర్ అమ్మమ్మ.

పిట్ట మొదటి వాక్యం సరిగ్గా చదివింది. రెండోదాంట్లో ఒక మాట దగ్గర ఆగి, తల గోక్కుని, ఆ మాటను మింగేసింది. మూడోది వదిలేసి నాలుగోది చదివింది.

"పర్లేదు. గతుకుల రోడ్డు. కాస్త వెనక్కి వెళ్ళి మళ్ళీ వద్దాం."

తప్పు చదివినప్పుడల్లా అమ్మమ్మ అనే మాట అదే. పర్లేదు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కుంటే పిట్టకు కొంచెం సులువుగా ఉండేదేమో.

లైబ్రరీ వెనక గదిలో విరిగిన కుర్చీలన్నీ ఒక మూలకు నెట్టి, నాలుగు చిన్న బల్లలు వేశారు. బుధవారం మధ్యాహ్నం భోజనాల గంట అయ్యాక బయటినుంచి నలుగురు పెద్దవాళ్ళు వస్తారు. రిజిస్టర్‌లో సంతకం పెట్టి, మెడలో బ్యాడ్జీ వేసుకుని, ఒక్కొక్కరు ఒక్కో పిల్ల పక్కన కూర్చుంటారు. చదువులో వెనకబడ్డ పిల్లల చేత నలభై నిమిషాలు చదివిస్తారు. వాళ్ళకు జీతం లేదు, టీ కూడా ఎవరూ ఇవ్వరు. అయినా వస్తారు.

పిట్ట నాలుగో తరగతి. అమ్మ పని ఎక్కడ దొరికితే అక్కడికి మారుతూ రెండేళ్ళలో మూడు బడులు చూసింది. ప్రతి బడిలోనూ సగం పాఠం అయిపోయాక చేరింది. వెనకబడక ఏం చేస్తుంది?

కండక్టర్ అమ్మమ్మ ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టి రిటైర్ అయింది. మొదటి రోజే చెప్పేసింది. "నన్ను టీచర్ అనకు తల్లీ. ఎనిమిదో తరగతి దాటలేదు నేను. అమ్మమ్మ అను, చాలు." టికెట్లకు చిల్లు కొట్టే పాత ఇనప పంచ్ ఒకటి సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది. తప్పు లేకుండా ఒక పేజీ చదివితే, పిట్టే ఆ పంచ్‌తో అట్టముక్కకు ఒక చిల్లు కొట్టుకోవచ్చు. కొట్టగానే అమ్మమ్మ "రైట్ రైట్" అనేది. అప్పుడు పక్క బల్లల వాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

ఇప్పుడా అట్టముక్కకు చిల్లు పడి రెండు నెలలైంది.

అసలు సంగతి ఏమిటంటే, పిట్టకు చదవడం వచ్చు. అర్ధ సంవత్సరం పరీక్షల ముందే వచ్చేసింది.

ప్రతి పిల్లకూ ఒక డబ్బా ఉంటుంది. దాని మూత మీద స్టిక్కర్. ఎరుపు అంటే అక్షరాల దగ్గరే ఉన్నట్టు. పసుపు అంటే తడుముకుంటున్నట్టు. ఆకుపచ్చ అంటే ఇక సొంతంగా చదవగలిగినట్టు. ఆకుపచ్చ వస్తే ఆ పెద్దవాళ్ళు మరుసటి వారం నుంచి లిస్టులో తర్వాతి పిల్ల దగ్గరికి వెళ్ళిపోతారు.

పిట్ట తరగతిలో గుండు అనే అబ్బాయికి అలాగే వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు, పెన్సిల్ బాక్సు ఇచ్చారు. తర్వాతి బుధవారం వాడి బ్యాంకు సారు అదే బల్ల దగ్గర ఇంకో పిల్లాడితో కూర్చున్నాడు. గుండు మంచినీళ్ళ వంకతో మూడుసార్లు వచ్చి తొంగి చూశాడు. సారు ఒకసారి చెయ్యి ఊపాడు. అంతే.

అది చూసిన రోజే పిట్ట తప్పులు చదవడం మొదలుపెట్టింది.

వాళ్ళ నాన్న ఒక సోమవారం వెళ్తూ శుక్రవారం వస్తానన్నాడు. ఏ శుక్రవారమో చెప్పలేదు. బుధవారం వస్తానని చెప్పి బుధవారమే వచ్చే మనిషి పిట్టకు ఈ ప్రపంచంలో ఒక్కరే దొరికారు. చదువొచ్చిన పాపానికి ఆ మనిషిని పోగొట్టుకోవాలా?

గంట మోగింది. తలుపు దగ్గర రెండో తరగతి పిల్ల ఒకతి నిలబడి లోపలికి చూస్తోంది. ఒక కాలికి తెల్ల మేజోడు, ఒక కాలికి నల్ల మేజోడు. పుస్తకాల బొమ్మలు చూడటానికి వచ్చిందేమో అనుకుని పిట్ట ఆ పిల్లను దాటుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రం అమ్మ ఆసుపత్రి లాండ్రీ నుంచి వచ్చేసరికి ఒళ్ళంతా సబ్బు వాసన. అమ్మకు చదువు రాదు. పని దగ్గర ఇచ్చిన కాగితం పిట్ట చేతిలో పెట్టి, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

పిట్ట గడగడా చదివేసింది. వచ్చే నెల షిఫ్టులు మారుతున్నాయట. చేతి తొడుగులు లేకుండా యంత్రం దగ్గరికి వెళ్ళకూడదట.

"నిన్ను పట్టుకుని చదువులో వెనకబడిందంటారేంటే ఆ బడివాళ్ళు?" అంది అమ్మ.

పిట్ట నీళ్ళు నమిలింది. "అక్కడి పుస్తకాలు వేరులే అమ్మా."

కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికి తనను ఎవరూ చూడటం లేదనే ధీమా. పిట్టకూ అదే ధీమా.

తర్వాతి వారాల్లో అమ్మమ్మ కొత్త కళ్ళజోడుతో వచ్చింది. పాత క్యాలెండర్ కాగితాల వెనక ఇంటి దగ్గరే పెద్ద పెద్ద అక్షరాలతో వాక్యాలు రాసి తెచ్చింది. అరగంట ముందే వచ్చి గేటు దగ్గర నిలబడేది. పిట్టకు లోపల ఎక్కడో గుచ్చుకునేది. కానీ చెప్తే దొరికిపోతుంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చుంది.

నెలాఖరున పెద్ద టీచరు స్వయంగా వచ్చి చదివించింది. పిట్ట ఆరు తప్పులు చదివింది. పెద్ద టీచరు మూత మీది పసుపు స్టిక్కర్ వైపు, తర్వాత కండక్టర్ అమ్మమ్మ వైపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

అమ్మమ్మ ముఖం చిన్నబోయింది. ఆ రోజు గతుకుల రోడ్డు అనలేదు.

మరుసటి బుధవారం ఆ కుర్చీలో ఒక పొడుగాటి మనిషి కూర్చుని ఉన్నాడు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరర్ అట.

"అమ్మమ్మ ఏరీ?" అంది పిట్ట.

"ఆవిడ మానేశారమ్మా. ఇకనుంచి నేను వస్తాను. నీ డబ్బాలో నీకోసం ఏదో పెట్టి వెళ్ళారు చూడు."

డబ్బాలో ఇనప పంచ్ ఉంది. దాని కింద క్యాలెండర్ కాగితం మీద పెద్ద అక్షరాలు. పిట్ట పైకే చదివింది.

"పిట్టకు అమ్మమ్మ రాసేది. నువ్వు తెలివైనదానివి. నేర్పడం నాకే చేతకాలేదు. తప్పు నీది కాదు. నా మూలంగా నీ మూడు నెలలు పాడైపోయాయి. కొత్త సారు బాగా చదువుకున్నవారు, ఆయన దగ్గర నీకు తొందరగా వస్తుంది. ఈ పంచ్ నీ దగ్గరే ఉంచుకో. ఇక నాకు పని లేదు."

ఒక్క మాట దగ్గర కూడా ఆగలేదు. లెక్చరర్ గారు మూత మీది పసుపు స్టిక్కర్ వైపు చూశారు. మళ్ళీ పిట్ట వైపు చూశారు.

"ఇంత బాగా చదువుతున్నావు కదమ్మా," అన్నారు మెల్లిగా.

పిట్టకు ఏడుపు ఆగలేదు.

పెద్ద టీచరు గదిలో ఫైళ్ళ మధ్య నిలబెట్టి అడిగితే పిట్ట అంతా చెప్పేసింది. పెద్ద టీచరు అరవలేదు. అలిసిపోయినట్టు కుర్చీలో వెనక్కి వాలింది.

"లిస్టులో నీ వెనక పదకొండుమంది ఉన్నారు. నీ తర్వాత పేరు రెండో తరగతి పిల్లది. మూడు నెలలుగా ప్రతి బుధవారం తలుపు దగ్గరికొచ్చి, నా వంతు వచ్చిందా అని అడిగి వెళ్తోంది. ఎప్పుడైనా చూశావా?"

పిట్టకు తెల్ల మేజోడు, నల్ల మేజోడు గుర్తొచ్చాయి.

"చూశాను," అంది.

"ఆవిడకు నేను ఫోన్ చేసి చెప్పగలను. కానీ చెప్పాల్సింది నేను కాదు."

ఆదివారం అమ్మ సెలవు పెట్టుకుని పిట్టను తీసుకెళ్ళింది. పెద్ద టీచరు చెప్పిన గుర్తుల ప్రకారం ఇల్లు వెతుక్కున్నారు. కండక్టర్ అమ్మమ్మ ఇల్లు సైకిల్ రిపేరు షాపు మీద రెండు గదులు. బల్ల మీద క్యాలెండర్ కాగితాల కట్ట. పై కాగితం మీద వాక్యం సగమే రాసి ఉంది.

అమ్మమ్మ ముందు వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, అప్పుడు కూర్చుంది. అమ్మ పిట్టను ముందుకు తోసింది.

"నాకు చదవడం వచ్చు అమ్మమ్మా," అంది పిట్ట. "అర్ధ సంవత్సరం పరీక్షల ముందు నుంచే వచ్చు."

అమ్మమ్మ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. "అంటే, ఈ కాగితాలు రాయకముందు నుంచే."

"ఊఁ."

"ఎందుకలా చేశావు?"

"ఆకుపచ్చ వస్తే మీరు వెళ్ళిపోతారని."

కింద షాపులో ఎవరో సుత్తితో ఇనుము కొడుతున్నారు. అమ్మమ్మ బల్ల మీది కాగితాల కట్టను ఒక పక్కకు నెట్టింది.

"ముప్పై ఏళ్ళు కిక్కిరిసిన బస్సులో నిలబడ్డాను. ఈ పని నాకు రాదు అని ఒక్కరోజు అనుకోలేదు. నీ పక్కన కూర్చున్నాక అనుకున్నాను. ఈ వీధి చివర ట్యూషన్ చెప్పే పిల్ల ఉంది, నా మనవరాలి వయసు. దాని దగ్గరికి వెళ్ళి, పిల్లలకు చదవడం ఎలా నేర్పాలమ్మా అని అడిగాను. నేలమీద కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పింది. వారం రోజులు వెళ్ళాను."

పిట్ట తల వంచుకుంది. "తప్పయింది అమ్మమ్మా."

పర్లేదు అంటుందని ఎదురుచూసింది. ఎన్ని తప్పులు చదివినా అన్న మాటే కదా.

"తప్పే," అంది అమ్మమ్మ.

అమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. "చిన్నపిల్లండీ, తెలీక..."

"తెలిసే చేసిందమ్మా. లెక్కపెట్టుకుని మరీ చేసింది." అమ్మమ్మ పిట్ట వైపు తిరిగింది. "వెళ్ళిపోతారా అని నన్ను ఒక్కసారి అడగాల్సింది."

"అడిగితే ఏం చెప్పేవారు?"

"వెళ్తాననే చెప్పేదాన్ని. వెనక స్టాపులో జనం నిలబడి ఉంటారు కదా. ఒక్కరి కోసం బస్సు ఆపుకుని కూర్చోకూడదు. కానీ నీకు అబద్ధం మాత్రం చెప్పేదాన్ని కాదు."

పిట్ట జేబులోంచి పంచ్ తీసి ఇవ్వబోయింది. అమ్మమ్మ చెయ్యి చాపలేదు.

"ఇచ్చింది తిరిగి తీసుకోను. పొద్దుపోతోంది, బయల్దేరండి."

"మళ్ళీ బడికి వస్తారా?"

"చూద్దాం."

పెద్దవాళ్ళ "చూద్దాం" అంటే ఏమిటో పిట్టకు బాగా తెలుసు. నాన్న కూడా ఆ మాట తరచూ అనేవాడు.

బుధవారం పెద్ద టీచరు పిట్ట చేత మళ్ళీ చదివించింది. పన్నెండు వాక్యాలు. ఒక్క తప్పు లేదు. మూత మీద ఆకుపచ్చ స్టిక్కర్ అంటించారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిట్టకూ కొట్టాలనిపించలేదు.

ఆ వారం నుంచి బుధవారం మధ్యాహ్నాలు పిట్ట అందరితోపాటు తరగతిలోనే కూర్చుంది. ఒక బుధవారం గడిచింది, ఇంకొకటి గడిచింది. మూడో బుధవారం కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర ఒక తెలిసిన సంచీ లోపలికి వస్తోంది.

పిట్ట మంచినీళ్ళకని చెప్పి లేచింది.

వెనక గది తలుపు ఓరగా తీసి ఉంది. కొత్తగా వేసిన ఐదో బల్ల దగ్గర లెక్చరర్ గారు ఇంకో పిల్లాడి చేత చదివిస్తున్నారు. తన బల్ల దగ్గర, తన కుర్చీలో, రంగు కలవని మేజోళ్ళ పిల్ల కూర్చుని ఉంది. పేజీ మీద వేలు పెట్టి ఒక మాట దగ్గర ఆగిపోయింది.

"పర్లేదు. గతుకుల రోడ్డు," అంటోంది కండక్టర్ అమ్మమ్మ.

ఆ మాట తనదే అనుకుంది పిట్ట ఇన్నాళ్ళూ.

పిల్ల ఆ పేజీని మళ్ళీ మొదటినుంచి, ఈసారి తప్పు లేకుండా చదివింది. అమ్మమ్మ అట్టముక్క తీసి, పెన్సిల్ మొనతో చిల్లు పెట్టింది. అట్ట అడ్డంగా చిరిగింది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

పిట్ట వెనక్కి పరుగెత్తి, బ్యాగు అడుగున దాచుకున్న పంచ్ తెచ్చింది. లోపలికి వెళ్ళి ఆ పిల్ల ముందు పెట్టింది.

"రెండు చేతులతో పట్టుకో. గట్టిగా నొక్కాలి. మొదట్లో రాదు."

అమ్మమ్మ కళ్ళజోడు పైకి జరుపుకుంది. "అది నీకిచ్చాను కదా."

"నా పేజీలు అయిపోయాయి అమ్మమ్మా."

అమ్మమ్మ నవ్వలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపు పిట్ట ముఖంలోకి చూసి, "ఊఁ, కానివ్వు," అంది చిన్నపిల్లతో.

పిట్ట వరండాలోకి వచ్చేసరికి వెనక పంచ్ చప్పుడైంది. ఆ వెంటే "రైట్ రైట్" అని వినిపించింది. పిట్ట వెనక్కి తిరగలేదు. తిరిగితే మళ్ళీ ఆ తలుపు దగ్గరే నిలబడిపోతుందని తనకు తెలుసు.

తరగతిలో టీచర్ బోర్డు దగ్గరినుంచే అడిగింది. "మంచినీళ్ళకు ఇంతసేపా?"

అవును టీచర్ అంటే సరిపోయేది.

"మంచినీళ్ళకు కాదు టీచర్. అబద్ధం చెప్పాను. అమ్మమ్మను చూడటానికి వెళ్ళాను."

వెనక బెంచీలో గుండు తలెత్తి పిట్ట వైపు చూశాడు.

"సరే, పుస్తకం తియ్యి. తర్వాతి పేజీ నువ్వే చదువు."

పిట్ట నిలబడి చదివింది. కళ్ళు తుడుచుకోవడానికి ఒక్కసారి ఆగింది. తప్పు మాత్రం ఎక్కడా చదవలేదు.