లేపేదాకా లేవకూడదు

దెయ్యానికి భయపడని మగాడు మా ఇంట్లో నేనొక్కణ్ణే. ఇంట్లో ఉన్న మగాడూ నేనొక్కణ్ణేలెండి. రాత్రి దాహమేస్తే మాత్రం అక్కని లేపుతాను.

ఆ మధ్యాహ్నం అక్క డ్యూటీకి పోతూ నాలుగేళ్ల కూతుర్ని నాకు అప్పగించింది. బుడంకాయ్ అంటాం దాన్ని. చాక్లెట్ చూపించి ఊరిస్తూ మంచం చుట్టూ పరిగెత్తించాను. మంచం కోడుకి తగిలి దాని గడ్డం చీరుకుపోయింది.

ఎమర్జెన్సీలో నర్సమ్మ గాటు చూసి, దూది అదిమిపెట్టి కూర్చోమంది. ఎంతసేపని అడిగాను. గుక్కపెట్టి ఏడ్చే పిల్లలతో బెంగలేదు బాబూ, ఏడవనివాళ్లనే ముందు చూస్తాం అంది.

కిటికీలు లేని హాలు. ఫినాయిల్ వాసన, దాని అడుగున తడిగుడ్డల ముక్కిన వాసన. ట్యూబ్‌లైటు జుయ్యిమంటోంది. మా తర్వాత వచ్చినవాళ్లు లోపలికి వెళ్తున్నారు, మేం మాత్రం కుర్చీలకి అతుక్కుపోయాం. పక్కన బుడంకాయ్ ఈడు పిల్ల ఒకతి, మోకాలికి కట్టుతో ఒంటరిగా కూర్చుంది. ఏడవడం లేదు. కాళ్లయినా ఊపడం లేదు. పెద్దవాళ్లు టీకి వెళ్లుంటారనుకున్నాను.

అప్పుడే రాత్రయింది, అక్క ఇంటికొచ్చే వేళవుతోంది. ఈలోగా వైద్యం చేయించి, ఆడుకుంటూ అదే పడిందని చెప్పేయాలని నా ఆత్రం. అప్పుడు వెలిగింది నా బుర్ర.

"బుడంకాయ్, చచ్చిపోయిన ఆట ఆడదామా? కళ్లు మూసుకుని వాలిపో. నేను లేపేదాకా లేవకూడదు."

వాలిపోయింది. నేను కేకేశాను. నర్సమ్మ పరుగున వచ్చింది. ఆవిడ పిల్లని ఎత్తుకుంటుంటే ఎవరో నా చొక్కా అంచు లాగారు. పక్క కుర్చీ పిల్ల.

"మా బాబాయి కూడా నాకు ఈ ఆటే చెప్పాడు," అంది గుసగుసగా.

"మరి లేపాడా?" అన్నాను, నవ్వుతూ.

తల అడ్డంగా ఊపింది.

లోపల డాక్టరు కంట్లోకి టార్చి వేయగానే బుడంకాయ్ కిసుక్కున నవ్వింది. ఆయన నన్ను కడిగేసి, గాటు జిగురుతో అంటించి పంపించాడు. నిజంగా ప్రాణం మీదికొచ్చిన వాళ్లని ఆపి మరీ మమ్మల్ని చూశారట. తల దించుకుని బయల్దేరాను.

వసారా సగంలో ఉండగా కరెంటు పోయింది.

ఎక్కడో చక్రాల కుర్చీ కిర్రుమంది... ఆగింది.

బుడంకాయ్ నా కుడిచెయ్యి పట్టుకునుంది. ఎడమచేతిలోకి ఇంకో చెయ్యి దూరింది. చిన్నది. రెండూ ఒకేలా చల్లగా...

"బుడంకాయ్... ఎటున్నావే?"

"ఇక్కడే మావయ్యా," కుడివైపు నుంచి.

"ఇక్కడే మావయ్యా," ఎడమవైపు నుంచి.

లైట్లు వచ్చేసరికి నా చేతిలో ఒక్క పిల్లే ఉంది. హాల్లో ఆ పిల్ల కూర్చున్న కుర్చీ ఖాళీ.

గడ్డం మీద గాటు మానింది. ముఖం అదే, గొంతూ అదే. కానీ ఇప్పుడు కూర్చోబెట్టినచోటే కూర్చునుంటోంది. పిలిచేదాకా అన్నానికి రాదు. మొన్న వేలు తలుపులో నలిగినా ఏడవలేదు. నీ దగ్గర ఒక్కపూటుంటే ఎంత బుద్ధొచ్చిందిరా అని అక్క మురిసిపోతోంది. నేను పళ్లికిలిస్తున్నాను.

చీకట్లో పిల్ల చెయ్యి వదల్లేదని అక్కతో చెప్పాను. అబద్ధం. రెండో గొంతు వినగానే రెండు చేతులూ విదిలించుకుని, గోడలకి గుద్దుకుంటూ గేటుదాకా పారిపోయాను. తిరిగొచ్చేసరికి ఇంకా చీకటే. తడుముకుంటూ వెళ్లి, ముందు అందిన చెయ్యి పట్టుకున్నాను.