జాబితా టిల్మన్ దగ్గరుంది

“పనుండి మెట్లెక్కుతున్నావా, నన్ను చూసి పారిపోతున్నావా?”

మరైకె అడ్డంగా నిలబడి అడిగేసింది. రెండు ఎలుకల పెట్టెలు పట్టుకున్న టిల్మన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“లిఫ్ట్ పాడైంది.”

వెనకాలే లిఫ్ట్ తెరుచుకుని ముగ్గురు దిగారు.

“బాగైనట్టుందే!”

“గురువారం మాట్లాడదాం మరైకె, ప్లీజ్. ఈ రెండ్రోజులూ నన్నేమీ అడక్కు,” అని రెండేసి మెట్లెక్కి మాయమయ్యాడు.

గురువారం ఏముంది? మరైకెకి ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందో ఆమెకే తెలీలేదు.

ఐదు వారాల క్రితం ఇతను ఇలా లేడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఈ ల్యాబ్‌లో చేరిన రెండేళ్ళలో ఇద్దరూ విడిగా భోంచేసిన రోజు లేదు. ఇప్పుడేమో, తన పుట్టినరోజుకి చేసి తెచ్చిన ప్లమ్ కేకు అందరి చేతికీ ఇచ్చి, మరైకె ముక్క మాత్రం ఆమె లేనప్పుడు బల్లమీద పెట్టి పోయాడు. పైగా అందరికంటే పెద్ద ముక్క! దాన్నేమనుకోవాలి?

ఆమె పరిశోధన ఎలుకల మెదడు మీద. అక్కడ కొన్ని కణాలకి వెలుగు తగిలితే పనిచేసే గుణం పెట్టి, సన్నటి తీగలోంచి నీలం వెలుగు పంపుతారు. అప్పుడు బెరుకు ఎలుక తోటి ఎలుక దగ్గరికి వెళ్తుందా లేదా అన్నది ప్రశ్న. ఇరవైలో సగం ఎలుకలకే ఆ గుణముంది. ఏవి ఏ జట్టువో, వీడియోలు చూసి లెక్కపెట్టే మరైకెకి తెలియకూడదు. తెలిస్తే కళ్ళు తమకి కావలసిందే చూస్తాయి. అందుకే సూదులు వేసిన టిల్మన్ దగ్గరే జాబితా ఉంది. అది అడక్కూడదని ఆమెకీ తెలుసు. జాబితా చెప్పొద్దంటే, మాటా పలుకూ మానేయమనా?

స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నుంచి మంచి ఉద్యోగం పిలుస్తోంది. శుక్రవారంలోగా జవాబివ్వాలి. ‘ఉండిపో’ అని ఒక్కడంటే ఉండిపోయేది. ఆ ఒక్కడు లిఫ్ట్ పాడైందంటున్నాడాయె! బుధవారం పొద్దున్నే కసిగా ‘వస్తున్నాను’ అని రాసి పంపేసింది.

గురువారం ఆఖరి వీడియో లెక్క పూర్తయింది. ల్యాబ్ ప్రొఫెసర్ అందరి ముందూ టిల్మన్ ఇచ్చిన జాబితా విప్పింది. వెలుగు పనిచేసింది! ఒక్క పధ్నాలుగో ఎలుక మాత్రం, తోటి ఎలుక దగ్గరికి చొరవగా వెళ్తోందని మరైకె తెగ మురిసిపోయిన ఎలుక, ఆ గుణమే లేని జట్టులోది. దానంతటది ఇష్టపడి వెళ్ళిందన్నమాట.

గది ఖాళీ అవగానే టిల్మన్ గబగబా వచ్చాడు.

“మొదటి వారం నువ్వు పధ్నాలుగుని మెచ్చుకుంటుంటే నాకు నవ్వాగలేదు. నా మొహం చూస్తే నీకన్నీ తెలిసిపోతాయి మరైకె. ఒక్క చూపుతో నీ రెండేళ్ళ పని చెడిపోయేది. అందుకే ఎదురుపడలేదు.”

“ఐదు వారాలు నేను సరిగ్గా తిన్లేదు, తెలుసా దద్దమ్మా!”

“నేనూ తిన్లేదు.”

“మరి ఆ పెద్ద ముక్క ఎందుకు పెట్టావ్?”

“ఎందుకంటావేంటి! నువ్వంటే ప్రేమ కాబట్టి. ఆ మాట చెప్పాలంటే ఎదురుగా నిలబడాలి కదా, నిలబడకూడదాయె!”

మరైకె కుర్చీలో కూలబడింది. “నిన్ననే బాజెల్ ఉద్యోగానికి వస్తానని రాసేశాను.”

అతను ఫోన్ తీసి ఏదో వెతికాడు.

“మూడు గంటలు.”

“ఏంటి?”

“రైలు. మన రైళ్ళ సంగతి తెలిసిందే, నాలుగనుకో. ప్రతి శుక్రవారం వస్తాను.”

“ఉండిపో అనవా?”

“అనాలనే ఉంది. కానీ ఆ ఉద్యోగం నువ్వు కష్టపడి తెచ్చుకున్నది.” ఆమె పక్కన కూర్చున్నాడు. చేయి పట్టుకోవాలా వద్దా అని తటపటాయిస్తుంటే ఆమే పట్టుకుంది. “అక్కడ నీ ఎలుకల జాబితా ఎవరి దగ్గర పెడతావ్?”

ఆమె కళ్ళు తుడుచుకుంది.

“నేను ప్రేమించని వాడి దగ్గర.”