కూర్మారావు మూలకథ

“రెండు వేల యాభై ఎనిమిది, జూలై పన్నెండు. ఆ రోజు మేం తిన్నది వేడి అన్నం, పనసపొట్టు ఆవకూర. కొత్త ఇల్లు. మూటలింకా విప్పలేదు. చాప పరుచుకుని నేల మీదే కూర్చున్నాం. బయట వాన. సుభాషిణి వడ్డించింది. కూర ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాను.”

నెమరి యంత్రం నుదుటి మీది దీపం ఆకుపచ్చగా వెలిగింది. కూర్మారావు చెవుల దగ్గరి పట్టీ తీసి కొక్కేనికి తగిలించాడు. కిటికీ తెరిచాడు. సముద్రం భీమిలి పాత రోడ్లను కమ్ముకున్నాక స్తంభాల మీద కట్టిన క్రీడాభవనం అది. అల వచ్చినప్పుడల్లా గది నేల ఊపిరి పీల్చినట్టు కొద్దిగా కదులుతుంది.

తూకం వేసేముందు తక్కెడ ముల్లు చూసుకున్నట్టు, కబడ్డీ ఆటగాళ్ల తలలు పరీక్షించే ముందు నెమరి పరీక్షకుడి తల నిలకడ చూసుకుంటుంది. సాయంత్రం గది మూసేటప్పుడు అదే కథ మళ్లీ అడుగుతుంది. రెండుసార్లూ సరిపోలితేనే ఆ రోజు ఇచ్చిన పచ్చలు, అంటే ఆడే అనుమతులు, చెల్లుతాయి. ఆటగాళ్లకూ అంతే. సీజను మొదట్లో ప్రతి ఒక్కరూ తమ జీవితంలోని ఒక రోజును మూలకథగా చెప్పి పెడతారు. తలకు దెబ్బ తగిలితే వచ్చి, అదే రోజును మళ్లీ చెప్పాలి. ఎక్కడైనా జారితే నెమరి పట్టుకుంటుంది.

సుభాషిణి చనిపోయిన ఏడాదే కూర్మారావు ఈ ఉద్యోగంలో చేరాడు. రోజుకు రెండుసార్లు భార్య కబుర్లు చెప్పమని అడిగే ఆఫీసు ఇంకెక్కడ దొరుకుతుంది? పలకరింపుకు వచ్చిన చుట్టాలు కూడా ఆవిడ పేరెత్తడానికి జంకే రోజుల్లో యంత్రం అడిగేది, ఆయన చెప్పేవాడు. అప్పట్లో ఒక మాట అటూ ఇటూ అయినా ఊరుకునేది. తర్వాత జట్ల పోట్లాటల వల్ల లీగు వాళ్లు హద్దు బిగించారు. పరీక్షకులు పక్షపాతం చూపిస్తున్నారని ఆటగాళ్లను ఆపడానికి వాళ్ల చేతిలో ఉన్న ఎర్రమీట కూడా పీకేశారు. అప్పటినుంచి కూర్మారావు ఒక్క మాట మార్చలేదు.

మధ్యాహ్నం దాటాక కోచ్ నూకరత్నం తలుపు తోసుకుని వచ్చింది. వెనకాలే రైడర్ పైడితల్లి. నిన్న అభ్యాసపు ఆటలో అవతలి పిల్ల మోకాలు ఆమె కణతకు తగిలింది. రేపు ఫైనల్.

“దండాలు మాస్టారూ! ఏటీ పెద్ద దెబ్బ కాదండి. పొద్దున్న నాలుగు ఇడ్డెన్లు తినీసి, నా ప్లేటు కూడా లాగీసింది. తల చెడినోళ్లకి అంత ఆకలేస్తదేటి?”

“ఆకలికీ తలకీ సంబంధం లేదు రత్నమ్మా. నువ్వు బయట కూర్చో.”

“కూకుంటాను గానీ, తొందరగా తేల్చీయండి.”

తలుపు మూసుకుంది. పైడి కుర్చీలో కూర్చుని కిటికీ వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. 

“టీ తాగేరా మాస్టారూ?”

“తాగానమ్మా.”

ఆయన లేచి కిటికీ రెక్క దగ్గరకు వేశాడు. పైడి చెయ్యి దించింది. చెవుల దగ్గర పట్టీ సర్దుతుంటే మళ్లీ నవ్వుతూ తలెత్తింది. “టీ తాగేరా మాస్టారూ?”

కూర్మారావు ఆమె కళ్లలోకి పరీక్షగా చూశాడు. నెమరి మోగింది. పైడి గుండెల నిండా గాలి పీల్చుకుంది.

“రెండు వేల అరవై ఆరు మే మూడు ఆరోజు తిన్నది తాటిముంజలు రాజాం నుంచి ఆటోలో వస్తన్నాం నా ఒళ్లో గెలిసిన కప్పుంది చెల్లి ముంజ ఒలిసి నా నోట్లో పెట్టింది నీళ్లు గెడ్డం మీద కారినాయి అందరం నవ్వినాం.”

ఒకే ఊపిరిలో చెప్పేసింది. అవతలి కోర్టులోకి పోయి కూత తెగకుండా తిరిగి వచ్చినట్టే. దీపం పచ్చబడింది.

“అయిపోనాది గదా?” అంటూ లేవబోయింది.

“ఉండమ్మా. ఊరికే అడుగుతున్నాను. ఆ ముంజలు ఎక్కడ కొన్నారు?”

పైడి నోరు తెరిచింది. కళ్లు గోడ మీద దేనికోసమో వెతికాయి. “రెండు వేల అరవై ఆరు మే మూడు...” అని మొదటినుంచీ ఎత్తుకుంది. ముంజల దగ్గరకు వచ్చి, కొన్న చోటు దొరక్క, ఆగిపోయింది.

“పోనీలే. చెల్లి పేరేంటి?”

“చెల్లి...” పైడి నవ్వింది. నవ్వు మెల్లగా చెదిరిపోయింది. “రెండు వేల అరవై ఆరు మే మూడు ఆరోజు తిన్నది...”

కూత తెగింది. పైడి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్లు ఎంతోమంది డిఫెండర్లను విదిలించుకున్న వేళ్లు. ఇప్పుడు వదలడం లేదు.

“రత్నమ్మక్కకి సెప్పకండి మాస్టారూ. ఇదే నా ఆఖరి ఏడు. కథ బాగా బట్టీ పట్టీసేను. పచ్చ వచ్చింది గదా?”

కూర్మారావు ఆమెను పక్కగదిలో మంచం మీద పడుకోబెట్టి, తెర దించి, నూకరత్నాన్ని పిలిచాడు.

“ఈ పిల్ల రేపు ఆడకూడదు.”

“పచ్చ వస్తే ఆడకూడదంటారేటండి?”

“చెల్లెలి పేరు చెప్పలేకపోతోంది.”

“కోపమొస్తే మా ఆయన పేరు నాకూ గుర్తు రాదు.” నవ్వించబోయింది గానీ, కళ్లు మాత్రం తెర వైపు పోయాయి.

“రేపు ఇంకో దెబ్బ తగిలితే, ఆట కాదు, పిల్లే దక్కకపోవచ్చు రత్నమ్మా.”

నూకరత్నం తలుపు మీద చెయ్యి వేసింది. “పచ్చొచ్చిన పిల్లని నానే కూకోబెడితే లీగోళ్లు జట్టుని కొట్టీస్తారు మాస్టారూ. నా సేతిలో ఏటుంది? మీ సాయంత్రం లెక్క మీరు కానిచ్చీయండి.” బయటికి వెళ్లిపోయింది.

ఆయన చేతిలో మాత్రం ఏముంది? వద్దనే మీట ఆ గదిలో లేదు.

పొద్దు వాలుతుండగా నెమరి మోగింది. కూర్మారావు పట్టీ పెట్టుకున్నాడు.

“రెండు వేల యాభై ఎనిమిది, జూలై పన్నెండు. ఆ రోజు మేం తిన్నది వేడి అన్నం, పనసపొట్టు ఆవకూర. కొత్త ఇల్లు...”

మాటలు వాటంతట అవే వస్తున్నాయి. సుభాషిణి ఆ రోజు ఏ చీర కట్టుకుంది? తెలియలేదు. వాన ఎటువైపు నుంచి కొట్టింది? ఆయనకు వాన కనిపించలేదు, ‘బయట వాన’ అన్న మాటే వినిపించింది. పైడి గోడ మీద వెతికిన చూపు గుర్తొచ్చింది. తనూ ఇన్నేళ్లుగా కూత పెడుతున్నాడు, అంతే.

“సుభాషిణి వడ్డించింది. కూర ఎలా ఉందని అడిగింది.”

ఆగాడు. నెమరి ఎదురుచూసింది. ఇంకొక్క మాట అంటే పచ్చ. పైడి రేపు కోర్టులోకి దిగుతుంది. కూర్మారావు కళ్లు మూసుకున్నాడు. నాలుక మీద ఉప్పదనం తగిలింది.

“బాగుందన్నాను. బాగాలేదు. ఉప్పు రెండుసార్లు పడింది. ఆఫీసు యంత్రంలో ఆవిడ తప్పు ఎక్కించడం ఎందుకని అప్పుడు చెప్పలేదు. ఆవిడ ఒక ముద్ద తిని నా మొహంలోకి చూసింది. ఏమీ అనకుండా లేచి, ముక్కూ మొహం తెలియని పక్కింటి తలుపు తట్టి, గిన్నెడు పెరుగు అడిగి తెచ్చింది. కొంగు తడిసిపోయింది. నీలం చీర. నా అన్నంలో పోసింది. ఉప్పు మాట నేను ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. ఆ రోజంతా దాహమే.”

దీపం పసుపుపచ్చగా మారింది. మళ్లీ చెబుతారా అని నెమరి అడిగింది.

“లేదు. ఇదే అసలు సంగతి.”

గోడ మీది పలకలో పైడితల్లి పచ్చ ఆరిపోయింది. ఆ వెనక, మూలకథే తప్పని తేలింది గనుక, ఈ సీజనులో కూర్మారావు చేతి మీదుగా వెళ్లిన పేర్లన్నీ ఒకటొకటిగా పసుపుకు తిరిగాయి. తన కుర్చీ పోతుందని ఆయనకు తెలుసు. ఆ పేర్లన్నింటినీ ఇక ఎవరో ఒకరు ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెల్లెళ్ల పేర్లు అడగక తప్పదనీ తెలుసు. పట్టీ తీసి కొక్కేనికి తగిలించాడు.

నూకరత్నం దూసుకొచ్చింది. పలక చూసింది. “ఏటి సేసేరు మాస్టారూ?”

“కథ సరిగ్గా చెప్పాను.”

ఆమె అరవడానికే నోరు తెరిచింది. తెర వైపు చూసి ఆగింది. పక్కగదిలోకి పోయి మంచం అంచున కూర్చుని, పైడి తలను ఒళ్లోకి తీసుకుంది.

“నాను గెలిసిన ఫైనలు నాకు గేపకం లేదు మాస్టారూ,” అంది. “వీడియోలో సూసుకున్నాను. ఇంకెవుర్తో పిల్ల గెలిసినట్టే ఉంటాది.”

కూర్మారావు కబురు చేస్తే డాక్టరమ్మ పడవ మీద వచ్చి చూసింది. చీకట్లో పడుకోనిమ్మంది, రాత్రంతా ఒకరు కనిపెట్టుకుని ఉండాలంది, కింద గదిలోనే తనూ ఉంటానంది. నూకరత్నం కదల్లేదు.

కూర్మారావు సంచీ భుజాన వేసుకుంటుంటే మంచం మీంచి పైడి గొంతు వచ్చింది. తెర అవతలనుంచి అంతా విన్నట్టుంది.

“మాస్టారూ, ఆ పెరుగు ఇచ్చినావిడ పేరేటి?”

ఆయన ఆలోచించాడు. గుమ్మంలో గాజుల చెయ్యి, కంచు గిన్నె, లోపల ఏడుస్తున్న పసిపిల్ల అన్నీ కనిపించాయి. పేరు మాత్రం రాలేదు.

“గుర్తు లేదమ్మా.”

“మీకూనా?” పైడి మెల్లగా నవ్వింది.

“నాకూనూ. పడుకో.”

దీపం తగ్గించాడు. గడియ చప్పుడు కాకుండా తలుపు అంచున అరచెయ్యి ఆనించి, నెమ్మదిగా దగ్గరకు వేశాడు.