నలభై ఒకటో పేజీ

పదకొండింటికి కంపెనీ ఆడిటర్ లిఫ్టులో కుప్పకూలాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు.

ఒంటిగంటకల్లా ఏజెంట్ చీఫ్ ఎదుట నిలబడ్డాడు. ఒకరంటే ఒకరికి పడదు. చీఫ్ కుర్చీ కూడా చూపించకుండా పని అప్పజెప్పాడు. సాయంత్రం నాలుగింటికి ఆ లోహ కర్మాగారం వార్షిక నివేదిక స్టాక్ ఎక్స్‌చేంజ్‌కి వెళ్లాలి. చిమ్నీ ఫిల్టర్లు పాడై ఏడాదైందని, ఊరు ఊరంతా విషం పీలుస్తోందని, కర్మాగారం మూయక తప్పదని ఆడిటర్ నలభై ఒకటో పేజీలో రాశాడు. విదేశీ ముఠా ఒకటి ఆ పేజీ మాయం చేసి, తమ షేర్లన్నీ జనానికి అంటగట్టి ఉడాయించాలని చూస్తోంది.

“డైరెక్టర్లు చదవకుండానే సంతకాలు పెడతారా?”

“అదే కనుక్కో. ఇదిగో, ఆడిటర్ దాచిన ఆ పేజీ కాపీ. లోపల కంపెనీ సెక్రటరీ మన మనిషే. ఈసారైనా చెడగొట్టకు.”

మూడున్నరకి ఏజెంట్ ఏసీ మెకానిక్ వేషంలో బోర్డు రూము వెనక మెషిన్ గదిలో ఉన్నాడు. జేబులోంచి విషవాయువుని పసిగట్టే పెన్ను తీసి గాలిలో పెట్టాడు. దాని కొస ఎర్రగా వెలిగింది. బోర్డు రూముకి గాలి పంపే డక్టుని ఎవరో చిమ్నీ వైపు తిప్పేశారు. జాలీలోంచి చూస్తే డైరెక్టర్లు కణతలు నొక్కుకుంటూ, కళ్లు నులుముకుంటూ, ఏ కాగితం ముందుకొస్తే దాని మీద సంతకం గీకేస్తున్నారు.

“గాలి ఎటు వీస్తోంది?” వెనక నుంచి కోడ్ మాట వినిపించింది.

సెక్రటరీ. పచ్చ పట్టుచీర, ఎర్రటి పెదాలు. ఏజెంట్‌కి దగ్గు తెర ఆగడం లేదు. ఆమె మాత్రం హాయిగా ఊపిరి తీస్తోంది. ముక్కులో సన్నటి ఫిల్టర్లు. చేతిలో సైలెన్సర్ తగిలించిన పిస్టల్.

“ఆడిటర్‌ని చంపింది నువ్వేనా?”

“చాలా మర్యాదస్తుడు. మెడ వంచి నమస్కారం పెట్టాడు. ఏడేళ్లు మీ ఆఫీసుకి చాకిరీ చేశాను, దక్కింది ఈ దగ్గే. ఆ ముఠావాళ్లు కనీసం మంచి గాలి ఉన్న ఊళ్లో ఇల్లిచ్చారు.”

ఏజెంట్ దగ్గుతూ ముందుకి వంగి, ఏసీ గ్యాస్ సిలిండర్ వాల్వు తిప్పాడు. మంచుపొగ ఆమె మణికట్టుని కొరికింది. పిస్టల్ జారిపడింది. ఆమె గోళ్లతో అతని చెంప చీరేసినా, అతను ఆమెను పైపుకి బేడీలతో బిగించి, చిమ్నీ దారి మూసి, వెంట తెచ్చిన ఆక్సిజన్‌ని డక్టులోకి వదిలాడు.

మూడూ యాభై తొమ్మిది. గుమస్తా వేలు అప్‌లోడ్ బటన్ మీద ఉంది.

“ఆగవయ్యా,” అంది అందరిలోకీ పెద్దావిడైన డైరెక్టరు, కళ్లద్దాలు తుడుచుకుంటూ. “నలభై తర్వాత నలభై రెండేమిటి?”

ఏజెంట్ జాలీ తన్ని లోపలికి దూకి, ఆడిటర్ దాచిన కాపీ ఆమె చేతిలో పెట్టాడు. ఆవిడ ఒక్క చూపు చూసి తలూపింది. చివరి సెకన్లో నివేదిక నలభై ఒకటో పేజీతో సహా వెళ్లింది. ముఠా షేర్లు కొనే నాథుడు లేకుండా పోయాడు.

చీఫ్ ఫోన్లో మండిపడ్డాడు. “ముఠాని ఆపమని పంపిస్తే కంపెనీ పరువు తీసొచ్చావు.”

“నేను తీసింది పొగే సార్,” అన్నాడు ఏజెంట్, చెంప తుడుచుకుంటూ. “పరువు దానంతటదే పోయింది.”