పందెం పడవలో కొత్త సీటు

ఆ ఉదయం వంటింట్లో కాటా కనిపించలేదు. పిండి తూచుకుందామని అలమర తెరిచిన టైలరమ్మ, ఉన్న గిన్నెలన్నీ కిందికి దించి మరీ వెతికింది. కాళ్ళొచ్చి నడిచిపోయే వస్తువు కాదు కదా అది. అత్తగారిని అడిగితే, ఆవిడ టీ కప్పులోకి తలదూర్చి, "నాకేం తెలుసమ్మా, నా కళ్ళజోడే నాకు కనపడి చావదు," అంది. కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది.

టైలరమ్మ అంటే వీధి చివర బట్టలు కుట్టే దుకాణం ఆవిడదే. మొగుడు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు గానీ, వీధంతా ఆయన్ని కెప్టెన్ అనే పిలుస్తుంది. పాతికేళ్ళు నది మీద పడవ పందేలకి వెళ్ళిన మనిషి మరి. పోయినేడు ప్రాక్టీసు చేస్తూ గుండె పట్టుకుని పడవలోనే ఒరిగిపోతే, తోటివాళ్ళు ఒడ్డుకు చేర్చారు. ఆసుపత్రి మంచం మీదే కూతురి మీద ఒట్టేసి, మళ్ళీ పందెం ముఖం చూడనన్నాడు. ఆ ఒట్టు ధైర్యంతోనే ఆవిడ ఇన్నాళ్ళూ కంటినిండా నిద్రపోయింది.

అలాంటివాడు చలికాలం మొదట్లో క్లబ్బులో మూలపడి ఉన్న పాత పందెం పడవని అడిగి తెచ్చుకున్నాడు. ఒకప్పుడు తను ముగ్గురితో కలిసి తెడ్డేసిందే. ఏటి ఒడ్డున షెడ్డులో పెట్టి బాగుచేస్తున్నాడు. పందేనికి కాదే, సెలవు రోజున ఇంటిల్లిపాదీ సరదాగా తిరగడానికి అని చెప్పాడు. మగాడికో వ్యాపకం ఉంటే ఇంటికి శాంతి అనుకుని ఆవిడ ఊరుకుంది. ఊరుకోవాల్సింది కాదేమోనని ఇప్పుడనిపిస్తోంది.

ఎందుకంటే ఎక్కడా పొంతన కుదరడం లేదు. రెండోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెడుతున్నాడు. ఉన్నట్టుండి ఒకరోజు, "నీ బరువెంతే?" అని అడిగాడు. ఏ మొగుడూ ఏ పెళ్ళాన్నీ అడగకూడని ప్రశ్న అది. పైగా తల్లీకొడుకులు వరండాలో గుసగుసలాడుకుంటారు, తను రాగానే వానలు ఎప్పుడు పడతాయో అంటూ మాట మారుస్తారు. వానల గురించి అంత బెంగ పడటానికి వాళ్ళకేమైనా ఎకరాలున్నాయా?

స్నానం చేసి వచ్చిన మొగుణ్ణి గుమ్మంలోనే నిలేసింది. కాటా షెడ్డులో ఉందని ఆయన నసిగాడు. పడవకి వేసే చెక్కలు తూస్తున్నాడట. పందెం పడవకే చెక్క చెక్కకీ తూకం చూస్తారని పాతికేళ్ళుగా ఆయన నోటే విన్న మనిషి ఆవిడ.

"షికారు పడవకి తూకమేంటండీ?"

"అది... ఓ పక్కకి ఒరగకుండా," అంటూ చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయటపడ్డాడు. తేలు కుట్టిన దొంగలా ఆ నడకేంటి! మళ్ళీ పందేనికి సిద్ధమవుతున్నాడని ఆవిడకి రూఢి అయిపోయింది. ఈసారి పడవలో ఒరిగితే ఎవరు ఒడ్డుకు చేరుస్తారు?

మధ్యాహ్నం దుకాణం షట్టరు దించేసి, మేకుకి తగిలించిన షెడ్డు తాళంచెవి తీసుకుని బయల్దేరింది. తలుపు తెరవగానే వార్నిష్ వాసన గుప్పుమంది. రెండు స్టాండ్ల మీద సన్నగా, పొడుగ్గా పడవ. గోడకి ఆనించి రెండు తేలే దుంగలు, ఇరుపక్కలా బిగించడానికి కాబోలు. వాటి పక్కనే గోనెసంచి మీద తన కాటా. పడవ అడుగుని చేత్తో తడిమి చూసింది. అస్తరు గుడ్డంత నున్నగా ఉంది.

లోపల తెడ్డేసే సీట్లు ఒకప్పుడు నాలుగుండేవి, ఇప్పుడు రెండే ఉన్నాయి. రెండూ కొత్తవి. వాటికెదురుగా కాళ్ళు తన్నిపెట్టుకునే పలకలు. మెళ్ళో టేపు ఎలాగూ ఉంది, చెయ్యి ఊరుకోదు. వెనక సీటు నుంచి దాని పలక దాకా కొలిచింది. ఆయన కాలికి జానెడు తక్కువ. మళ్ళీ కొలిచింది. సీటు వెడల్పు కొలిచింది, పాదాలు బిగించే పట్టీలు కొలిచింది.

ఇది ఆడమనిషి కొలత.

ఇరవై ఏళ్ళుగా కొలతలు తీస్తున్న చెయ్యి, ఇందులో పొరపాటు పడదు. మనసులోనే ఆ మనిషికి జాకెట్టు కుట్టేసింది కూడా. పొట్టిది. తుంటి దగ్గర కాస్త నిండైనది. క్లబ్బులో నేర్పించే అమ్మాయా అంటే ఆమె తాటిచెట్టంత ఉంటుంది. తన దగ్గర కుట్టించుకునే వాళ్ళందర్నీ ఒక్కొక్కర్నీ ఆ సీటులో కూర్చోబెట్టి చూసింది, ఎవరూ సరిపోలేదు. ఎవరో గానీ, ఒంటి మీద శ్రద్ధ లేని మనిషి. ఇలాంటిది ఏం చూపించి పడేసిందో అని పళ్ళు కొరికింది.

ఇంటికి వెళ్ళలేదు. కాటాని పక్కకి నెట్టి గోనెసంచి మీద కూర్చుంది. సాయంత్రం ప్రెస్సు నుంచి ఆయన రానే వచ్చాడు. చెయ్యి పట్టుకుని వెంట తల్లి. ఇద్దరూ ఆవిణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎవరది?" అంది టైలరమ్మ.

"ఎవరు?"

"ఈ సీటు ఎవరిదో వాళ్ళు. పందెం అనుకుని ఏడ్చాను. పందెమే నయం. కొలిచే అడుగుతున్నాను, అబద్ధం చెప్పకండి. పొట్టిది, లావుది. ఎవరు?"

ముసలావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"లావని నేననలేదు," అన్నాడు కెప్టెన్ నెమ్మదిగా. "ఒక్కసారి నువ్వే కూర్చుని చూడు."

కూర్చోనని మొండికేసింది. అత్తగారు బతిమాలితే, చిరాగ్గా చెప్పులు విడిచి పడవలోకి కాలు పెట్టింది. సీటు ఆవిణ్ణి పట్టుకున్నట్టు అమరిపోయింది. పాదాలు పలక మీద సరిగ్గా ఆనాయి. చేతులు చాస్తే తెడ్ల పిడుల దగ్గరికి చేరాయి. ఊరందరి కొలతలూ కంఠతా వచ్చిన ఆవిడకి తన కొలత తెలీదు. ఎవరు తీశారు గనక? కొత్త గుడ్డ మీద పాత జాకెట్టు పరిచి కత్తిరించుకోవడమే ఎప్పుడూ.

మిషన్ స్టూలుకీ, తొక్కే పెడలుకీ మధ్య దూరం చూసి మొదలుపెట్టాడట. మిగతాది ఆవిడ పాత బట్టలు చూసి సరిచేశాడట. "ఆ బట్టలు అందించింది నేనేనమ్మా, నన్ను కూడా తిట్టేయ్," అంది అత్తగారు.

సిగ్గేసింది, నవ్వొచ్చింది. కానీ అనుమానం ఓ పట్టాన వదిలే రకం కాదు ఆవిడ. ముందు సీటు హాస్టల్లో ఉన్న కూతురికట. మధ్యలో అత్తగారికి వీపు ఆనుకునే కుర్చీ. చివర్న చుక్కాని తాళ్ళ దగ్గర చిన్న బల్ల. తెడ్లు మాత్రం ఇద్దరికే. మరి మీ తెడ్డేదని అడిగింది. ఇన్నేళ్ళు నేను లాగాను, ఇక మీరు లాగండి, నేను వెనక కూర్చుని దారి చూస్తానని నవ్వాడు. తెడ్డు కనిపిస్తే చేతులు దురద పెట్టే మనిషి అనాల్సిన మాట కాదది. అత్తగారు గోడకేసి చూస్తోంది.

సెలవు రోజున దుంగలు బిగించి పడవని నీళ్ళలోకి దించారు. కూతురు హాస్టల్ నుంచి వచ్చేలోపు ముందు మీరిద్దరూ వెళ్ళి రండని ముసలావిడ ఒడ్డునే కూర్చుండిపోయింది. తెడ్డేసేవాళ్ళు పడవ వెళ్ళే వైపుకి వీపు పెట్టి కూర్చోవాలి. టైలరమ్మకి ఎదురుగా మొగుడు తప్ప దారి కనపడదు. ఆవిడ మాటిమాటికీ మెడ తిప్పబోతే, "తిరక్కు, పడవ ఊగుతుంది. నేను చూస్తున్నాగా," అన్నాడు.

చేసేది లేక ఆయన ముఖమే చూస్తూ లాగింది. అంతసేపు కుదురుగా ఆ ముఖాన్ని చూసి ఎన్నాళ్ళయిందో. కళ్ళకింద ఆ నలుపెప్పుడొచ్చింది? ఏటి మధ్యకి రాగానే తెడ్లు ఆపేసింది.

"డాక్టరు దగ్గరికి వెళ్ళారు కదూ, నాకు చెప్పకుండా?"

ఆయన తాళ్ళు సర్దుకున్నాడు. నీళ్ళకేసి చూశాడు. ఇక్కణ్ణుంచి పారిపోవడానికి వరండా లేదు.

"అమ్మని తోడు తీసుకెళ్ళాను," అన్నాడు. "నడవొచ్చు, పనిచేసుకోవచ్చు, తిండి తగ్గించాలి అన్నాడు. తెడ్డు మాత్రం ఇక ముట్టుకోకూడదట. సరదాకి కూడా."

"ఆ మాట నాకు చెప్పకూడదా?"

"చెబితే నన్ను మంచానికి కట్టేస్తావు, పడవని పొయ్యిలో పెడతావు. ఈలోపు నిన్నోసారి నీళ్ళ మీదికి తీసుకురావాలనిపించింది. పాతికేళ్ళు నిన్ను ఒడ్డునే నిలబెట్టేశానే. ఒక్కరోజైనా ఎక్కించలేదు."

టైలరమ్మ ఏడ్చింది. పందేన్ని అనుమానించింది, ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ అనుమానించింది, ఈ మనిషి తనలో తను ఇంత బరువు మోస్తున్నాడని మాత్రం అనుకోలేదు. లేచి ఆయన్ని పట్టుకుందామంటే పడవ ఒరుగుతుంది. కూర్చున్నచోటే కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇకమీదట డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను."

"రా."

"నాకు తెలియకుండా మీ అమ్మతో వానల గురించి మాట్లాడకూడదు."

"సరే," అని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ భుజం మీదుగా దూరంగా చూసి, "ముందు కుడి తెడ్డు గట్టిగా లాగు, పెద్ద పడవొస్తోంది," అన్నాడు.

వెనక ఇంజను చప్పుడు దగ్గరవుతోంది. ఇంకోనాడైతే ఆవిడ పదిసార్లు తిరిగి చూసుండేది. ఆయన ముఖం మీంచి చూపు తిప్పకుండా కుడి తెడ్డు లాగింది.